పాలతో వేసుకున్న మాత్ర

"ఈసారి పెరిగిందండీ," అన్నది డాక్టరమ్మ.

ఆవిడ ముఖం మాత్రం మారలేదు. ఉద్యోగజీవితమంతా లారీ డ్రైవర్ల ముఖాలు చదువుతూ గడిపిన కాటాగారికి ఆ మారని ముఖమే అసలు సంగతి చెప్పింది. ఆయన పక్క కుర్చీలో ఉన్న కొడుకు వైపు తిరిగి చూశారు. కొడుకు తన అరచేతుల వంక చూసుకుంటున్నాడు. రాగితీగ ఒరుసుకుని గీతలు పడిన చేతులవి. తప్పేదో వాటిలోనే ఉన్నట్టు, వెతికితే దొరుకుతుందన్నట్టు చూసుకుంటున్నాడు.

కాటాగారికి తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది గాని, అది ఆయన కొలువు చేసిన చోట ఎవరి నోటా నిలవలేదు. లారీలను తూచే పెద్ద కాటా దగ్గర, అద్దాల గదిలో కూర్చుని ఆయన తల నెరిసింది. బండి ఇనుప వేదిక మీదికి ఎక్కేది. ఆయన ముందు అంకె పడేది. ఆ అంకెను ఆయన కిటికీలోంచి గట్టిగా చదివేవారు. కింద నిలబడ్డ డ్రైవరు నెత్తీ నోరూ కొట్టుకునేవాడు. వానకు ఇసుక తడిసిందనేవాడు, చక్రాలకు బురద అంటిందనేవాడు, పిల్లల మీద ఒట్టు పెట్టేవాడు. అన్నిటికీ కాటాగారు ఒకటే జవాబు చెప్పేవారు: "కాటాకి నోరు లేదు బాబూ, అందుకే అది అబద్ధమాడదు. నోరున్నది నీకు." తన కిటికీ ముందు ఒక్క డ్రైవరూ గెలవలేదన్నది ఆయన గర్వం. ఆ గర్వం తప్ప ఆ కొలువు ఆయనకు మిగిల్చింది కూడా పెద్దగా లేదు.

అందుచేతనే, కొడుక్కి హెచ్.ఐ.వి. ఉన్నట్టు తేలి మాత్రలు మొదలుపెట్టిన రోజున, డాక్టరమ్మ చెప్పిన కొత్త మాటల గుంపులోంచి ఒక్క మాట ఆయనకు చుట్టంలాగా ఎదురొచ్చింది.

"మాత్రలు పనిచేస్తున్నాయా లేదా అన్నది వైరల్ లోడ్ పరీక్షలో తెలుస్తుందండీ," అన్నది ఆవిడ. "రక్తంలో వైరస్ ఎంత ఉందో యంత్రం లెక్కపెట్టి చెబుతుంది. రోజూ మాత్ర వేసుకుంటే లోడు తగ్గుతూ తగ్గుతూ ఒకనాటికి యంత్రానికి కనపడనంత అయిపోతుంది. లోపల ఉంటుంది, పూర్తిగా పోదు. కానీ కనపడదు. అలా కనపడకుండా నిలబడితే మనిషి అందరిలాగే బతుకుతాడు. పెళ్ళి చేసుకున్నా భార్యకు అంటదు."

"లోడు!" అన్నారు కాటాగారు, కుర్చీలో నిటారుగా కూర్చుంటూ. "అంతేనా అమ్మా! లోడంటే నాకు వదిలెయ్యండి."

కొడుకు విన్నది చివరి మాట ఒక్కటే. భార్యకు అంటదు.

జబ్బు ఎక్కడినుంచి వచ్చిందని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. అడగకపోవడమే ఆ ఇంటి మర్యాద. ఇంటి ఇల్లాలు పోయాక ఆ రెండు గదుల్లో తండ్రీకొడుకులిద్దరే మిగిలారు. కొడుకు కాలిపోయిన మోటార్లకు కొత్త తీగ చుట్టే దుకాణంలో పనిచేసేవాడు. అక్కడే, అతని పక్క బల్ల మీద, సన్నతీగ అనే అమ్మాయి పనిచేసేది. వెంట్రుకంత తీగను తెగకుండా చుట్టగలిగిన చెయ్యి ఆ దుకాణంలో ఆమెదొక్కటే కనుక అందరూ ఆమెను అలాగే పిలిచేవారు. కొడుకు ఆమెకు జబ్బు సంగతి తానే చెప్పాడు. ఆమె ఆ రోజంతా మాట్లాడలేదు. మర్నాడు తీగ చుడుతూ, తల ఎత్తకుండా, "లోడు కనపడకుండా పోయిన రోజున పెళ్ళి. అందాకా నువ్వు పక్క బల్ల మనిషివి. మీద చెయ్యి పడిందంటే మోటార్లు ముంచే వేడి వార్నిష్‌లో నిన్నూ ముంచుతాను," అన్నది. సాయంత్రం ఇంటికి వచ్చి, కొడుకు ఆ మాట తండ్రికి చెప్పి నవ్వాడు. చాలాకాలం తరువాత ఆ ఇంట్లో వినపడిన నవ్వు అది.

ఆనాటినుంచి మాత్ర ఇచ్చే పని కాటాగారు తన చేతుల్లోకి తీసుకున్నారు. మొదటి వారాల్లో కొడుకు, "నాన్నా, ఇది వేసుకుంటే గుండెల్లో ఒకటే మంట," అన్నాడు. మంటకు విరుగుడు కాటాగారి ఇంట్లో ఎప్పుడూ ఉండనే ఉంది. అద్దాల గదిలో కూర్చుని పగలంతా టీ తాగిన కడుపు ఆయనది. మందుల దుకాణంలో ఎవరికైనా అడిగిందే తడవుగా ఇచ్చే తెల్లటి, చిక్కటి, సుద్దలాంటి ద్రవం సీసా ఒకటి ఆయన కిటికీలో ఏనాటినుంచో కాపురముంది. రంగు చూసి ఇల్లాలు దానికి పాలు అని పేరు పెట్టింది. "మీ పాలు తాగారా?" అని అడిగితేనే ఆయనకు భోజనం ముగిసినట్టు. ఆవిడ పోయినా పేరు పోలేదు. తండ్రీకొడుకులిద్దరికీ అది పాలే. తాగే పాలు ఆ ఇంటికి రావడం ఎప్పుడో మానేశాయి.

పొద్దున్నే, స్నానం చేసి పరగడుపున వచ్చిన కొడుకు అరచేతిలో మాత్ర పెట్టి, వెనుకనే పెద్ద చెంచా నిండా పాలు పట్టేవారు కాటాగారు. మంట తగ్గింది. మాత్ర కూడా నున్నగా జారిపోతోందన్నాడు కొడుకు. తాను కనిపెట్టిన ఈ ఉపాయానికి ఆయన లోలోపల ఎంతో మురిసిపోయారు.

మొదటి పరీక్షలో లోడు తగ్గవలసినంత తగ్గలేదు. ఇప్పుడు, రెండో పరీక్షలో, పెరిగింది.

"రోజూ వేసుకుంటున్నావా బాబూ?" అని అడిగింది డాక్టరమ్మ.

"వేసుకుంటున్నానండీ."

"ఒక్క రోజు కూడా తప్పలేదా? నేను తిట్టను. తప్పితే తప్పిందని చెప్పు."

"తప్పలేదండీ. నాన్నని అడగండి, నాన్నే ఇస్తాడు."

ఆవిడ కాటాగారి వైపు తిరిగింది. "మీ ఎదురుగానేనా?"

"నా చేత్తోనే అమ్మా."

"దేనితో వేసుకుంటాడు?"

"పాలతోనే వేసుకుంటాడు."

"పాలయితే ఫరవాలేదు. కూడా ఏదైనా తినమనండి," అని ఆవిడ తల ఊపి, తలుపు దగ్గర గుమిగూడిన జనం వైపు ఒకసారి చూసి, తరువాతి ప్రశ్న వేసింది. "ఇంకా వేరే మందు ఏమైనా తీసుకుంటాడా?"

ఆ మాట కాటాగారి చెవిలో సీసం పోసినట్టయింది. ఆయన తమ్ముడు తాగి తాగి, వాంతిలో రక్తం చూసి, అన్న ఒళ్ళోనే పోయాడు. అప్పటినుంచి ఆ కుటుంబంలో మందు అన్న మాటకు ఒకటే అర్థం.

"మందా?" అన్నారాయన. "మా ఇంట్లో ఆ వాసన కూడా గిట్టదమ్మా. నా తమ్ముడు ఆ మందుతోనే పోయాడు. తరవాత మా గడప దాటి ఒక్క సీసా లోపలికి రాలేదు. కావాలంటే వచ్చి చూసుకోండి."

"అయ్యో, అడగవలసిన ప్రశ్న కనుక అడిగానండీ. లేదంటే మంచిదే," అన్నది డాక్టరమ్మ, ముసలాయనను నొప్పించినందుకు నొచ్చుకుంటూ. మళ్ళీ ఆ ప్రశ్న జోలికి పోలేదు. కంప్యూటర్ తెర వంక చూసి, మాటలు తూచి తూచి అన్నది. "అలాగయితే రెండే దారులండీ. వైరస్ ఈ మాత్రకు లొంగనిదైనా అయ్యుండాలి, మాత్ర లోపలికి పోకుండానైనా ఉండాలి. ఈ మాత్రకు లొంగని వైరస్‌ని నేను చాలా అరుదుగా చూశాను. మందు మార్చేముందు ఇంకొకసారి పరీక్ష చేద్దాం. ఈలోపల... కొంచెం దగ్గరుండి చూసుకోండి."

ఆ 'కొంచెం' దగ్గర ఆవిడ కొడుకు వైపు చూడకుండా తండ్రి వైపు చూసింది. ఆ చూపులోని అనుమానాన్ని కాటాగారు అందుకున్నారు.

బయటి వసారాలో కొడుకు నవ్వబోయాడు. "ఏం నాన్నా, నన్ను కూడా కాటా ఎక్కించేశావా?"

"కాటాకి నోరు లేదురా."

"నాకుందిగా. దాంతోనే చెబుతున్నా. మింగుతున్నాను."

"డ్రైవర్లూ దాంతోనే చెప్పేవాళ్ళు," అన్నారు కాటాగారు.

మర్నాడు పొద్దున మాత్ర, పాలు అయ్యాక, కొడుకు లేవబోతుంటే ఆయన భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టారు. "నోరు తెరువు."

కొడుకు తండ్రి వంక చూశాడు. పరిహాసమనుకున్నాడు. కాదని తెలిసేసరికి అతని చెవులు ఎర్రబడ్డాయి. నోరు తెరిచాడు.

"నాలుక ఎత్తు."

ఎత్తాడు. కాటాగారు వెలుతురుకు అతని గడ్డం తిప్పి, పళ్ళ సందులూ బుగ్గల లోపలా తీరిగ్గా చూశారు. ఏమీ లేదు, పాల తెలుపు తప్ప. "చాలు," అన్నారు. కొడుకు నోరు మూశాడు.

అది రోజూ పొద్దుటి ఆచారమయింది. నోరు తెరువు, నాలుక ఎత్తు, చాలు. 'చాలు' అనేదాకా కొడుకు నోరు మూసేవాడు కాదు. మొదట్లో, "కొండనాలుక కూడా చూశావా నాన్నా, దాని వెనకాల లారీ దాచాను," అని వేళాకోళమాడేవాడు. పోను పోను మాటలు తగ్గాయి. కళ్ళు మూసుకుని నోరు తెరిచేవాడు. నలుపూ తెలుపూ కలిసిన గడ్డంతో, మీసంతో ఉన్న మనిషి, పక్షిపిల్లలాగా తెరిచేవాడు. అయినా కాటాగారు చూడవలసినవన్నీ చూసేవారు. చూడకపోతే లోడు ఎలా దిగుతుంది?

కక్కేస్తాడేమోనన్న అనుమానంతో పనికి వెళ్ళేదాకా ఎదురుగా కూర్చునేవారు. అతను వెళ్ళాక దిండు గలీబులు తిరగేసేవారు. స్నానాలగదిలో నీళ్ళు పోయే జాలీ ఊడదీసి, తీగతో గెలికేవారు. ఒకనాడు కొడుకు చొక్కా జేబులో తెల్లగా, గుండ్రంగా ఒకటి వేలికి తగిలింది. గ్లాసులో నీళ్ళు పోసి, దాన్ని అందులో వేసి, కరుగుతుందేమోనని ముందర కూర్చున్నారు. మధ్యాహ్నానికి గాని అది బొత్తామని ఆయన ఒప్పుకోలేదు.

సన్నతీగ అప్పుడప్పుడు వచ్చి గుమ్మంలో నిలబడి పలకరించేది. "ఏం మావయ్యా, మీ బండి బరువు దిగిందా?" అనేది. మావయ్య అన్న ఆ పిలుపు వినడానికే ఆయన గుమ్మం దగ్గర కుర్చీ వేసుకునేవారు.

మూడో పరీక్ష వచ్చింది. లోడు ఇంకా పైకే ఎక్కింది.

ఈసారి డాక్టరమ్మ ఏమీ అడగలేదు. కొడుకును బయట కూర్చోమని, తండ్రితో, "కొందరికి మనసు విరిగిపోతుందండీ. బతకాలని ఉండదు. ఇంట్లోవాళ్ళ కోసం మింగినట్టు కనబడతారు, తరవాత పోయి కక్కేస్తారు. కొత్త మందు ఇచ్చినా దాన్నీ అంతే చేస్తే, రేపు ఇవ్వడానికి నా దగ్గర ఇంకేమీ ఉండదు," అన్నది. ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే కాటాగారికి సులువుగా ఉండేది.

ఆ సాయంత్రం సన్నతీగ గుమ్మంలో ఆగలేదు, లోపలికి వచ్చింది. కొడుకు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "మావయ్యా, ఏమన్నారు?" అని అడిగింది ఆమె.

కాటాగారు కొడుకు వైపు చూశారు. చెబితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. చెప్పకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. పరాయి ఇంటి పిల్ల, తనను నమ్మి అడుగుతోంది. కిటికీలోంచి అంకె చదివే గొంతుతోనే ఆయన అన్నారు. "పెరిగిందమ్మా. వాడు మింగడం లేదు."

"మింగుతున్నాను," అన్నాడు కొడుకు, చాలా మెల్లగా.

సన్నతీగ అతని ముందు చతికిలబడింది. "నా వంక చూసి చెప్పు."

"మింగుతున్నాను."

"మరి మీ నాన్న ఎందుకలా అంటాడు? పరీక్ష తప్పయిందంటే సరే అనుకుంటాను, యంత్రమే కదా. కన్నతండ్రి కొడుకు మీద ఊరికే చెబుతాడా?"

కొడుకు నీళ్ళు నమిలాడు. ఆ నమలడమే ఆమెకు సాక్ష్యమయింది.

"నువ్వు చస్తానంటే కూర్చుని ఏడ్చేదాన్ని," అన్నది సన్నతీగ లేచి నిలబడుతూ. "నన్ను కూడా వెంట తీసుకుపోదామనుకున్నావు చూడు, దానికి ఏడవను." గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండా, "వెళ్ళొస్తానండీ," అన్నది. మావయ్యా అనలేదు.

ఆమె అడుగుల చప్పుడు వీధిలో కలిసిపోయాక కొడుకు అన్నాడు. "రోజూ నోరు తెరిచాను నాన్నా. నాలుక ఎత్తాను. ఇంకేం ఎత్తమంటావు?"

"లోడు చెబుతోందిరా. నేను కాదు."

"సరే. దొంగనన్నావుగా, ఇంక నిజంగానే దొంగనవుతాను. కనీసం నీ మాటైనా నిలబడుతుంది."

రెండు చొక్కాలు సంచిలో కుక్కుకుని అతను వెళ్ళిపోయాడు. మాత్రల డబ్బా కిటికీలో, పాలసీసా పక్కనే ఉండిపోయింది. డబ్బా తీసుకుని వెనుక పరుగెత్తడానికి కాటాగారి కాళ్ళు లేవబోయాయి. ఆయన వాటిని ఆపుకున్నారు. తప్పు చేసినవాడే తిరిగి రావాలి గాని, కాటా బండి వెనక పరుగెత్తుతుందా?

కొడుకు దుకాణంలోనే, బల్ల కింద పడుకుంటున్నాడని యజమాని చెప్పి పంపాడు. సన్నతీగ తన బల్లను గది అవతలి మూలకు మార్పించుకుందట. ఆ తరువాత చిక్కిపోతున్నాడని తెలిసింది. ఆ తరువాత తలనొప్పని, వెలుతురు చూడలేకపోతున్నాడని, తీగ చుట్టబోతే వేళ్ళు మాట వినడం లేదని. ప్రతి కబురుకూ కాటాగారు, "రమ్మనండి, ఇల్లు ఇక్కడే ఉంది," అనేవారు. ఇల్లు అక్కడే ఉంది. కొడుకు రాలేదు. చివరికి యజమానే అతన్ని బండిలో వేసుకుని ఆస్పత్రికి తీసుకుపోయాడు.

వార్డులో కొడుకు మంచం చూసి, అది వేరే ఎవరిదో అనుకుని కాటాగారు దాటిపోయారు. తిరిగి వచ్చి, చేతుల మీది గీతలు చూసి గుర్తుపట్టారు. కళ్ళు సగం మూసి ఉన్నాయి. మెడ కొయ్యలాగా బిగిసింది. పిలిస్తే మూలుగుతాడు, పలకడు. ఫంగస్ మెదడు పొరల్లోకి పోయిందని నర్సు చెప్పింది. వాంతులవుతున్నాయని, కడుపు మండుతోందని నిన్నంతా గొణిగాడని కూడా చెప్పింది.

కడుపు మంట అనేసరికి ఆయనకు చెయ్యవలసిన పని ఒకటి దొరికింది. "అమ్మా, ఒక చెంచా పాలు పట్టమంటావా?" అని అడిగారు.

"ఇప్పుడు మింగలేడు తాతగారూ. డాక్టరుగారు వస్తున్నారు, అడగండి."

డాక్టరమ్మ మంచం దగ్గరికి వచ్చేసరికి, కాటాగారు అప్పటికే సంచిలోంచి సీసా తీసి, చెంచా పట్టుకుని సిద్ధంగా ఉన్నారు.

"ఏమిటండీ అది?"

"పాలమ్మా. మాత్రతో రోజూ పట్టేవాణ్ణి, వాడికి దీనితో మంట తగ్గేది."

డాక్టరమ్మ సీసా అందుకుంది. దాని మీది అక్షరాలు చదివింది. కాటాగారు మొదటిసారి ఆవిడ ముఖం మారడం చూశారు. ఆవిడ పక్క మంచం అంచున కూర్చుండిపోయింది.

"మాత్రతోనా? మాత్రతో కలిపేనా?"

"మాత్ర వెనకనే అమ్మా. పరగడుపున."

"ఏనాటినుంచి?"

"మొదటినుంచీ."

"ఈ తెల్లటి దాంట్లో ఉన్న లవణాలు ఆ మాత్రను కడుపులోనే పట్టుకుంటాయండీ," అన్నది ఆవిడ. "రక్తంలోకి పోవలసినంత పోనివ్వవు. రెంటికీ మధ్య ఒక పూట ఎడం ఉండాలి. అతను మింగాడు. రోజూ మింగే ఉంటాడు. మింగింది ఒంటికి పట్టలేదు." "వేరే మందు తీసుకుంటాడా అని అడిగాను కదండీ. నాకు బాగా గుర్తుంది."

"మందంటే... మందనుకున్నానమ్మా," అన్నారు కాటాగారు.

"పాలంటే నేను పాలనుకున్నాను," అన్నది డాక్టరమ్మ.

నర్సు తల తిప్పుకుంది.

"ఇప్పుడు ఆ మాత్రే ఇవ్వండమ్మా. నీళ్ళతో ఇవ్వండి."

"ఇప్పుడప్పుడే ఇవ్వకూడదండీ. ముందు మెదడులో వాపు తగ్గాలి. తగ్గకముందు ఇస్తే అదే ప్రాణం మీదికి తెస్తుంది."

"తగ్గుతుందా?"

"చూడాలి."

"ఇలా అయింది నేను పట్టినందుకా, వాడు మానేసినందుకా? ఏది ఎంత?" అని అడిగారు కాటాగారు. జీవితంలో ఆయనకు వచ్చిన ప్రశ్న అదొక్కటే, ఏది ఎంత.

"దాన్ని తూచే కాటా నా దగ్గర లేదండీ," అన్నది డాక్టరమ్మ. అని, అన్నందుకు బాధపడి, ఆయన చేతిలోంచి చెంచా మెల్లగా తీసుకుని బల్ల మీద పెట్టింది.

కాటాగారు నడుచుకుంటూ మోటార్ల దుకాణానికి వెళ్ళారు. అవతలి మూల బల్ల దగ్గర సన్నతీగ తీగ చుడుతోంది. పెదవులు కదులుతున్నాయి, చుట్లు లెక్కపెట్టుకుంటోంది. లెక్కలో ఉన్న మనిషిని పలకరించకూడదని ఆ దుకాణంలో అడుగుపెట్టిన ఎవరికైనా తెలుసు. ఒక్క చుట్టు తప్పితే చుట్టిందంతా విప్పాలి. కాలిన వార్నిష్ వాసనలో, ఊడదీసిన పాత తీగల కుప్ప పక్కన, ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డారు. తన కిటికీ కింద డ్రైవర్లు నిలబడినట్టే నిలబడ్డారు. ఆమె చివరి చుట్టు చుట్టి, తీగ కొస కత్తిరించి, అప్పుడు తల ఎత్తింది.

"ఏంటి కాటాగారూ?"

"వాడు మింగాడమ్మా. రోజూ మింగాడు."

"ఎవరు చెప్పారు? మీ కాటా చెప్పిందా?"

ఆయన ఆ దెబ్బ కాచుకున్నారు. పాలసీసా సంగతి మొదటినుంచి చివరిదాకా, ఏదీ దాచకుండా, ఏదీ తగ్గించకుండా చెప్పారు. "కాటా అబద్ధమాడలేదమ్మా," అన్నారు చివర్లో. "డ్రైవరూ అబద్ధమాడలేదు. నేనే... నాకు రెండూ ఒకేసారి నిజమవుతాయని ఎప్పుడూ తోచలేదు."

సన్నతీగ చేతిలో కత్తెర ఉంది. దాన్ని రెండుసార్లు తెరిచి మూసింది.

"నేను నమ్మింది పరీక్షను కాదండీ," అన్నది. "మిమ్మల్ని."

ఆయన తల వంచుకున్నారు. ఆమె కత్తెర బల్ల మీద పెట్టి, వేళ్ళకంటిన జిగురు గుడ్డతో తుడుచుకుని, చెప్పులు తొడుక్కుంది. ఆస్పత్రిదాకా ఇద్దరూ నడిచారు. ఆమె ముందు, ఆయన వెనుక.

వార్డులో వెలుతురు కళ్ళకు తగలకుండా కొడుకు మంచం పక్క కిటికీకి నర్సు దుప్పటి కట్టింది. ఆ మసకలో అతని ముఖం నూనె కాగితంలా ఉంది. పెదవులు ఎండి చిట్లాయి. తడి దూది పెట్టమని నర్సు గిన్నె ఇస్తే, కాటాగారు మంచం మీదికి వంగారు. దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ ఆయన గొంతులో వరుసగా నిలబడి ఉన్నాయి. నువ్వు మింగావురా. నీ మాటే నిజంరా. నేనే అబద్ధం చదివాను.

"చిన్నోడా," అన్నారు. "నేనురా."

తండ్రి గొంతు వినగానే కొడుకు ముఖంలో ఏదో కదిలింది. కళ్ళు తెరుచుకోలేదు. పెదవులు మాత్రం, చిట్లిన చోట నెత్తురు ఊరుతుండగా, మెల్లగా విడిపోయాయి. అతను నోరు తెరిచాడు. ఇంకా తెరిచాడు. లోపల, ఎండిన నాలుకను, దానికి ఉన్న బలమంతా కూడదీసుకుని, పైకి ఎత్తాడు.

ఎత్తి, అలాగే పట్టుకుని ఉన్నాడు.

నాలుక వణుకుతోంది. గడ్డం వణుకుతోంది. అతను మూయలేదు. మూయమన్న మాట కోసం ఎదురుచూస్తున్నాడు. ఆ మాట ఒకటే మాట. రోజూ పొద్దున్నే అలవోకగా అనేసిన మాట. కాటాగారి నోరు కదిలింది, మాట రాలేదు. వేళ్ళ మధ్య దూది నీళ్ళు కారి దుప్పటి తడుస్తోంది.

సన్నతీగ ఆయనను భుజంతో పక్కకు జరిపి, ముందుకు వచ్చి, మంచం మీదికి వంగింది. కొడుకు గడ్డం కింద తన అరచెయ్యి పెట్టింది.

"చాలు," అన్నది. "చాలు. ఇంక మూసెయ్."

అతను నోరు మూశాడు.